బట్టమేక పిట్ట సంజాయిషీ

జీవజాతుల పనితీరు మదింపు విభాగం డైరెక్టరు పరాంకుశం గారికి మార్చి నెలలో ఉత్తరాంధ్ర సముద్రపు ఒడ్డున జ్ఞానోదయమైంది. మొగలిపేట రేవులో తాబేలు పిల్లలను సముద్రంలోకి వదిలే కార్యక్రమానికి ఆయన ముఖ్య అతిథి. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, బుట్టలోని పిల్లలను ఇసుక మీదికి జారవిడుస్తూ ఫోటో దిగుతుండగా, తల్లి తాబేలు ఎన్ని గుడ్లు పెడుతుందని మాటవరసకు అడిగారు. నూట ఇరవై దాకా పెడుతుందని అక్కడివాళ్లు చెప్పారు. చదువు లేదు, శిక్షణ లేదు, వారం వారం సమీక్షా సమావేశం లేదు, అయినా ఒక్క గోతిలో నూట ఇరవై! తిరుగు ప్రయాణంలో కారు ఎక్కగానే ఆయన తనను తాను ఒక ప్రశ్న అడిగారు. మరి తక్కిన జీవాలన్నీ ఇన్నాళ్లూ ఏం చేస్తున్నట్టు?

ఆ ప్రశ్న మూడు వారాల్లో ఉత్తర్వుగా మారి, రాష్ట్రం ఈ కొస నుంచి ఆ కొసకు ప్రయాణం చేసి, కర్నూలు జిల్లాలో పిట్టబీడు అనే గడ్డి మైదానంలో మద్దిలేటి నెత్తిన పడింది.

మద్దిలేటి అక్కడ వాచరు. ఇరవై రెండేళ్లుగా తాత్కాలిక వాచరు. ఆ బీడులో బతికే బట్టమేక పిట్టలకు కాపలా కాయడం అతని పని. బట్టమేక అంటే నడుమెత్తు ఉండే పక్షి. గోధుమరంగు వీపు, తెల్లటి పొడుగు మెడ, నెత్తిన నల్లటి టోపీ. రెక్కలున్నా నడకే దానికి ఇష్టం. ఏడాదికి ఒక్కటంటే ఒక్క గుడ్డు, అదీ వానలు పడ్డాక, గూడూ గీడూ లేకుండా వట్టి నేల మీద పెడుతుంది. ఒకప్పుడు మందలు మందలుగా ఉండేవని పెద్దలు చెప్పుకునేవారు. ఇప్పుడు మద్దిలేటి ఎరిగినంతలో ఆ బీడులో మిగిలినవి ఐదు. నాలుగేళ్లుగా ఒక్క గుడ్డూ లేదు.

ఆ చుట్టుపక్కల గొర్రెలు కాసేవాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. బట్టమేక గుడ్డు కంటపడితే దాన్ని వేలుపెట్టి చూపించకూడదు. చూపిస్తే గుడ్డు మురిగిపోతుందట. నేరుగా దానివైపు నడవకూడదు. గొర్రెల మధ్య గొర్రెలాగా, తల వంచుకుని, ఏదో నములుతూ, పక్కగా సాగిపోవాలి. ఆ పక్షి నిలబడి చూసే మనిషిని నమ్మదు, మేస్తున్నట్టు నడిచే మనిషిని పట్టించుకోదు. మద్దిలేటి భార్య సుంకులమ్మకు పదిహేను గొర్రెలుండేవి. అతని ఉద్యోగమంతా వాటి మధ్యనే సాగింది.

ఇక ఉత్తర్వు సంగతి. రాష్ట్రంలోని జీవజాతులన్నిటినీ ఒకే పత్రం మీద మదింపు చేయాలని అందులో ఉంది. ఆ పత్రం తాబేలు కోసం తయారైంది. తాబేలుది సరిగ్గా కుదిరింది కాబట్టి అందరికీ అదే కుదరాలని పైవాళ్ల అభిప్రాయం. రేంజి ఆఫీసరు చెన్నకేశవులు మంచివాడే. రిటైరు కావడానికి ఇంకా ఏడాది ఉండడం ఒక్కటే ఆయన బలహీనత. పత్రం ముందు పెట్టుకుని మద్దిలేటిని పిలిచాడు.

"గుడ్ల సంఖ్య?"

"ఒకటి సార్."

"ఒకటేంది? మూడంకెలకు చోటిచ్చినారు గదప్పా ఈడ."

"అది పెట్టేదే ఒకటి సార్. వాన సక్రమంగా పడకుంటే అదీ లేదు."

చెన్నకేశవులు రెండు సున్నాలు ముందు పెట్టి ఒకటి రాశాడు. "డిప్ప పొడవు?"

"పిట్టకు డిప్ప యాడుంటాది సార్?"

"ఖాళీ వదిలితే కంప్యూటరు తీసుకోదు."

"లేదని రాయండి."

"లేదు అనేది ఇందులో లేదు. 'పగిలినది', 'పోగొట్టుకొన్నది', రెండే ఉండాయి." ఆలోచించి, పగిలిందంటే నేరం సిబ్బంది మీదికి వస్తుందని, పోగొట్టుకొన్నది అన్నదానికి టిక్కు పెట్టాడు. "సముద్రానికి దూరం?"

"మూన్నూరు కిలోమీటర్లు ఉంటాదేమో సార్."

"ప్రమాదం వచ్చినప్పుడు సముద్రంలోకి చేరుటకు పట్టు సమయం?"

"అది సముద్రానికి ఎందుకు పోతాది సార్?"

"ఎందుకు అని అడగలేదు మద్దిలేటీ. ఎంత సేపు అని అడిగినారు."

ఇద్దరూ చాలాసేపు లెక్కలు కట్టి, 'సముద్రంలోకి వెళ్లుటకు ఇష్టత చూపుట లేదు' అని రాసి పంపారు.

మే నెలలో ఫలితాలు వచ్చాయి. వందకు సముద్ర తాబేలుకు తొంభై ఆరు మార్కులు. బట్టమేకకు మూడు. ఆ మూడూ 'సిబ్బందిని కరవకుండుట' అనే అంశం కింద వచ్చినవి. ఫలితాల వెనకాలే జూన్‌లో నోటీసు దిగింది. మద్దిలేటి పేర కాదు, బట్టమేక పేర.

'సదరు జాతి తనకు కేటాయించిన విశాలమైన భూమిని అనుభవిస్తూ, ఏడాదికి ఒకే ఒక్క గుడ్డుతో సరిపెట్టుచున్నట్లు ఈ విభాగం దృష్టికి వచ్చినది. సెంటు భూమి కూడా కేటాయించబడని, ఎగురుటకు రెక్కలైనను లేని సముద్ర తాబేలు నూట ఇరవై గుడ్లు పెట్టుచుండగా, రెండు రెక్కలు, రెండు పొడవాటి కాళ్లు కలిగియున్న సదరు జాతి ఎందులకు పెట్టలేకపోయినదో పదిహేను దినములలో సంజాయిషీ ఇవ్వవలెను. లేనిచో చెప్పుకొనుటకు ఏమియు లేదని భావించబడును.'

నోటీసు అందినట్టు రెండో ప్రతి మీద కాలిముద్ర వేయించి తిప్పి పంపాలట. మద్దిలేటి ఆ కాగితాన్ని తుమ్మకొయ్యకు గుచ్చి బీడులో నిలబెట్టాడు. మూడోనాడు చూస్తే సుంకులమ్మ గొర్రె ఒకటి దాన్ని సగం తినేసి, మిగతా సగం నెమరు వేస్తోంది. ఈ సంగతి విన్నవించగా, చెన్నకేశవులు ముఖం చేత్తో తుడుచుకుని, 'నోటీసు స్వీకరించబడినది. జవాబు రాలేదు' అని రాశాడు.

జవాబు రాలేదంటే పొగరు. పొగరు అణచడానికి జులైలో డైరెక్టరు గారే స్వయంగా వచ్చారు. వెంట కన్సల్టెంటు మనోజ్ఞ మేడం వచ్చింది. ఆమె చేతిలో ఫోను, మెడలో ఇంకో ఫోను. బీడు మధ్యలో షామియానా వేసి సభ పెట్టారు. ఎంత వెతికినా బట్టమేకలు కనబడలేదు. షామియానా లేస్తుంటేనే అవి రెండు మైళ్లు నడిచి వెళ్లిపోయాయి. సమీక్షకు గైరుహాజరు అని మేడం ఫోనులో ఎక్కించుకుంది.

"మేము ఎవరినీ నిందించడానికి రాలేదు," అన్నారు పరాంకుశం గారు. "వెనుకబడిన జాతిని చేయిపట్టి నడిపించడానికి వచ్చాము. ముందున్న జాతి ఉత్తమ ఆచరణలను వెనుకనున్న జాతికి బదలాయించడమే మా విధానం. తాబేలు ఏం చేస్తుంది? గుడ్లు ఇసుకలో పెడుతుంది. సిబ్బంది వాటిని సేకరించి, కంచె వేసిన హేచరీలో మూరలోతు పూడుస్తారు. యాభై రోజులకు పిల్లలు. అతిథులు వచ్చి నీళ్లలోకి వదులుతారు. ఎంత శుభ్రమైన పద్ధతి! ఇక్కడ కూడా అదే జరుగుతుంది."

మద్దిలేటి వెనక వరుసలో నిలబడి ఉన్నాడు. ఇరవై రెండేళ్లలో సభలో ఎప్పుడూ నోరు విప్పలేదు. ఆ రోజు విప్పాడు. "సార్, తప్పుగా అనుకోవాకండి. బట్టమేక గుడ్డును ఇసుకలో పూడిస్తే చచ్చిపోతాది. తల్లి మీద కూర్చుని పొదగాల. ఇరవై ఏడు దినాలు లేయకుండా కూర్చుంటాది సార్ పాపం, ఎండనకా వాననకా."

పరాంకుశం గారు జాలిగా నవ్వారు. "అక్కడే ఉంది లోపం. ఇరవై ఏడు పని దినాలు ఒకే గుడ్డు మీద కూర్చుంటే తక్కిన నూట పంతొమ్మిది ఎప్పుడు పెడుతుందయ్యా?"

సభ చప్పట్లు కొట్టింది. చెన్నకేశవులు కూడా కొట్టాడు, అరచేతులు తాకకుండా.

సభ అయ్యాక డైరెక్టరు గారు మద్దిలేటిని పక్కకు పిలిచారు. "నీ పర్మినెంటు ఫైలు నా టేబులు మీదే ఉంది. ఇరవై రెండేళ్లా? అయ్యయ్యో. ఈ ఏడు ఒక్క గుడ్డు హేచరీకి అప్పగించు. పిల్ల నీళ్లలోకి దిగిన రోజు, అక్కడికక్కడే సంతకం పెడతాను."

నీళ్లలోకి దిగాక పిల్ల ఏమవుతుందని మద్దిలేటి అడగలేదు. పర్మినెంటు అనే మాట విన్నాక రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు.

ఇక ఇసుక. బీడు అంతా ఎర్రమట్టి. పక్కనే వాగు ఉంది, అందులో ఇసుకా ఉంది. కానీ ప్రమాణాల ప్రకారం సముద్రపు ఇసుకే కావాలి కాబట్టి మొగలిపేట నుంచి ఆరు లారీలు బయలుదేరాయి. ఆరో లారీలో డ్రైవరు పక్కన కూర్చుని శిక్షకుడు దిగాడు. పేరు సూరాడ దానయ్య. తాబేళ్ల వాచరు, జాలరి మనిషి, ఎండకు నల్లగా మెరిసే ముఖం. చుట్టూ కలయజూసి, "సముద్రం ఏ దిక్కునుంది బాబూ?" అని అడిగాడు. మద్దిలేటి చెయ్యి తూర్పుకు చాచి, అలసిపోయి దించేశాడు. ఆ క్షణం నుంచి ఇద్దరూ అన్నదమ్ములయ్యారు.

ఆగస్టు మొదటి వారంలో మంచి వాన పడింది. నాలుగో రోజు మధ్యాహ్నం గొర్రెల మధ్య నడుస్తూ మద్దిలేటి దాన్ని చూశాడు. గడ్డి పలచబడిన చోట, రెండు రాళ్ల నడుమ, పాచిరంగు మీద గోధుమ మచ్చలతో గుడ్డు. తల్లి పదడుగుల దూరంలో మెడ నిక్కించి నిలబడింది. అతను తల వంచుకుని, నోట్లో ఏమీ లేకపోయినా నములుతూ, పక్కగా సాగిపోయాడు. గుట్ట దాటాక కూలబడి ఏడ్చాడు. నాలుగేళ్ల తర్వాత! తన కూతురు పుట్టినప్పుడు కూడా అంత సంతోషం కలగలేదని తోచి, ఆ తర్వాత సిగ్గుపడ్డాడు.

ఇంటికి పోయి చెప్పగానే సుంకులమ్మ అడిగిన మొదటి మాట, "ఇచ్చేస్తావా?"

"ఇస్తే పర్మినెంటు."

"అది నాకు తెల్సులే. గుడ్డు సంగతి చెప్పు."

"ఇస్తే సస్తాది."

సుంకులమ్మ చేటలో కొర్రలు చెరుగుతూనే ఉంది. పర్మినెంటు అయితే బంధువుల్లో తలెత్తుకు తిరగొచ్చని ఇరవై రెండేళ్లుగా ఎదురుచూస్తున్నది ఆమె కూడా. కొంచెంసేపటికి చేట పక్కనపెట్టింది. "ఏమయ్యా, వాళ్లల్లో ఎవురన్నా బట్టమేక గుడ్డు చూసినారా ఎప్పుడన్నా?"

"లేదే."

"మరి ఏడుస్తావెందుకు? హుసేన్‌బీ ఇంట్లో టర్కీ కోడి గుడ్లు పెడ్తాండాది."

టర్కీ కోడి గుడ్డు వచ్చింది. సుంకులమ్మ దాన్ని టీ డికాషన్‌లో నానబెట్టి, గోరింటాకు ముద్దతో మచ్చలు దిద్దింది. ఒక మచ్చ మరీ అందంగా, పెళ్లికూతురి అరచేతిలో చందమామలా వచ్చేసింది. అది కొంచెం చెరిపింది. మద్దిలేటి గుడ్డును రెండు చేతులా పట్టుకుని, "నా నౌకరీ ఈ కోడి చేతుల్లో ఉండాది," అన్నాడు.

పూడ్చే ఉత్సవం శుక్రవారం జరిగింది. సముద్రపు ఇసుక తెల్లగా గుట్టపోసి, చుట్టూ పచ్చవల కంచె కట్టారు. మనోజ్ఞ మేడం ఫోనులోని బొమ్మను, గుడ్డును పక్కపక్కన పెట్టి చూసి, "నిజానికి బొమ్మలోదాని కంటే ఇదే ఎక్కువ బట్టమేక గుడ్డులా ఉంది," అని మెచ్చుకుంది. కొలిచారు, తూచారు, నంబరు వేశారు. 001 అని.

గొయ్యి తవ్వి గుడ్డు అందుకోవాల్సింది శిక్షకుడు దానయ్య. అందుకున్నాడు. ఒక్క క్షణం బొటనవేలితో మచ్చను రాశాడు. గోరింటాకు వాసన అతని ముక్కుకు తగిలింది. తలెత్తి మద్దిలేటి కళ్లలోకి చూశాడు.

"ఏమయ్యా, గుడ్డు బాగుందా?" అన్నారు డైరెక్టరు గారు.

"నాను తాబేళ్లోణ్ణి బాబూ," అన్నాడు దానయ్య. "పిట్టల సంగతి నాకేటి తెలుసు? పెద్దలు బాగుందంటే బాగున్నట్టే." పసిపిల్లను పడుకోబెట్టినట్టు గుడ్డును గోతిలో పెట్టి ఇసుక కప్పాడు.

అతిథులు వెళ్లాక ఇద్దరు వాచర్లూ కంచె పక్కన కూర్చుని జొన్నరొట్టె, చింతపండు కారం తిన్నారు.

"ఎవులి గుడ్డు తమ్ముడూ అది?"

"టర్కీ కోడిది అన్నా."

దానయ్య రొట్టె నోట్లో పెట్టుకునే కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి, తర్వాత మెల్లగా అన్నాడు. "మా తాబేలు నూట ఇరవై ఎడతాది, నిజమే. పెట్టేసి ఎనక్కి సూడకుండా ఎల్పోద్ది. దాన్నేటి అనీడానికి నేదు, దాని బతుకలాటిది. కుక్కలు తవ్వీస్తాయని మేం ఏరి దాస్తాం. పిల్లలొచ్చాక పీతలు, కాకులు, సముద్రంలోకెల్తే సేపలు. వెయ్యిట్లో ఒకటి పెద్దదయితే మా అదృష్టం. మీ పిట్టో?"

"ఒకటే పెడ్తాది. ఏడాది దాకా పిల్లను రెక్క కిందనే తిప్పుకుంటాది. నక్క వస్తే రెక్క ఇరిగినట్ల నాటకమాడి దాన్ని దూరం లాక్కపోతాది."

"అదీ సంగతి. అది వెయ్యి కని ఒకటి దక్కించుకుంటాది, ఇది ఒకటి కని ఒకటి పెంచుద్ది. రెండూ తల్లులే గదా. ఈ మాట ఆ బాబుకి సెప్పీవోడేడీ?"

చెప్పేవాడు లేడు. చెప్పినా రాసుకునే గడి ఆ పత్రంలో లేదు.

మర్నాడు దానయ్య ఊరికి వెళ్లిపోయాడు. రెండు రాళ్ల నడుమ తల్లి బట్టమేక ఎవరి ఉత్తర్వూ లేకుండా కూర్చుంది. సెప్టెంబరు మొదట్లో ఒక ఉదయం లేచి నిలబడింది. దాని కాళ్ల మధ్య నుంచి పసుపు మచ్చల పిల్ల ఒకటి తూలుతూ నడిచింది. మద్దిలేటి నములుతూ సాగిపోయాడు.

హేచరీ దగ్గర మాత్రం ఏర్పాట్లు జోరుగా సాగుతున్నాయి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. పుట్టని పిల్లకు సాగరిక అని పేరు పెట్టి, జనన ధ్రువపత్రం అచ్చువేసి, అద్దం బిగించారు. నీళ్లలోకి వదలాలి కాబట్టి నీళ్లు కావాలి. టార్పాలిన్ పరిచి చిన్న చెరువంత గుంట చేసి, ట్యాంకరుతో నింపి, సముద్రంలా ఉండాలని నీలిమందు కలిపారు. మస్తాను అనే కూలీకి బకెట్టు ఇచ్చి, అతిథులు వచ్చినప్పుడు అలలు లేపాలని చెప్పారు. ఉప్పు ఎంత వేయాలనే ఫైలు మీద నిర్ణయం జరగక, అతిథులొచ్చే దాకా అది ప్రధాన కార్యాలయంలోనే ఉండిపోయింది.

యాభయ్యో రోజు అక్టోబరులో పడింది. మంత్రిగారు వచ్చారు. బడిపిల్లలను తాబేలు టోపీలు పెట్టి వరుసగా నిలబెట్టారు. పరాంకుశం గారు ప్యాంటు మోకాళ్ల దాకా మడిచారు. మస్తాను బకెట్టుతో అలలు మొదలుపెట్టాడు. మేడం గునపం ముట్టి దణ్ణం పెట్టింది. చెన్నకేశవులు ఇసుక తవ్వాడు.

కొండను తవ్వి ఎలుకను పట్టారని అంటారు. ఇక్కడ ఎలుక కూడా దొరకలేదు. గుడ్డు దొరికింది. యాభై రోజులు కర్నూలు ఎండకు ఇసుకలో ఉడికిన గుడ్డు. మంత్రిగారు ముచ్చటపడి దాన్ని అరచేతిలోకి తీసుకున్నారు. అది పెళ్లున పేలింది.

ఆ వాసనను వర్ణించే గడి కూడా పత్రంలో లేదు. బడిపిల్లలు ముక్కులు మూసుకుని బీడుకు అడ్డంపడి పరుగెత్తారు. మంత్రిగారిని సాగరిక కోసం కలిపిన సముద్రంలోనే కడిగారు. ఆయన నీలంగా బయటికి వచ్చి, నేరుగా కారెక్కారు. మస్తాను మాత్రం ఎవరూ ఆపమనలేదు కాబట్టి అలలు లేపుతూనే ఉన్నాడు.

పరాంకుశం గారు మద్దిలేటి వైపు తిరిగారు. కోపం లేదు ఆయన ముఖంలో. మునిగేవాడి ముఖం అది. జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశారు. మద్దిలేటి పర్మినెంటు ఉత్తర్వు. సంతకం ఒక్కటే తక్కువ.

"చూడు, మద్దిలేటీ. ఒక్క పిల్ల. ఈ బీడులో ఎక్కడైనా సరే, ఒక్క బట్టమేక పిల్ల ఉంటే చూపించు. ఇసుక లేకపోయినా ఫరవాలేదు. పట్టుకొచ్చి, ఫోటో తీసి, నీళ్లలో వదిలి, విజయమని రాసుకుంటాం. ఇప్పుడే సంతకం పెడతాను. వేలుపెట్టి చూపించు చాలు."

ఆయన భుజం మీదుగా, అరమైలు అవతల, బడిపిల్లల పరుగుకు బెదిరి గడ్డిలోంచి లేచిన రెండు మెడలు మద్దిలేటికి కనిపించాయి. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. తల్లి ఆగింది. పిల్ల దాని రెక్క కిందికి దూరింది. కాగితం డైరెక్టరు గారి చేతిలో గాలికి కొట్టుకుంటోంది. మద్దిలేటి పేరు, తండ్రి పేరు, ఊరి పేరు, అన్నీ తప్పుల్లేకుండా అచ్చయి ఉన్నాయి. ఆ కాగితం కోసం అతను ఎన్ని ఆఫీసుల మెట్లెక్కాడో, ఎన్ని దండాలు పెట్టాడో అతనికే తెలుసు. కావాలనిపించింది. ఎంతగా కావాలనిపించిందంటే, కుడిచెయ్యి దానంతట అదే లేవబోయింది. ఎడమ చేత్తో దాన్ని పట్టి చంకలో ఇరికించుకున్నాడు.

"లేదు సార్," అన్నాడు.

"సరిగ్గా చూసి చెప్పు."

"ఇరవై రెండేండ్లుగా చూస్తాండా సార్. లేదు."

చెన్నకేశవులు కూడా ఆ వైపే చూస్తున్నాడు. ఆయన చూపు ఇప్పుడు బాగానే ఉంది, అంతకుముందు నెలే కంటి ఆపరేషన్ అయింది. ఆయన అద్దాలు తీసి, చొక్కాతో తుడిచి, జేబులో పెట్టుకుని, "నాకూ ఏమీ కనపళ్లేదు సార్," అన్నాడు.

నివేదిక నెలలో వచ్చింది. 'గుడ్డు పిల్లగా మారుటలో సహకరించలేదు. సదరు జాతి ఈ ప్రాంతంలో లేనట్లుగా భావించవలెను. లేని జాతికి కాపలా అవసరం లేదు గనుక వాచరును తొలగించడమైనది.' బట్టమేకల రక్షిత ప్రాంతమన్న బోర్డు పీకేశారు. జీపు రావడం మానేసింది. బట్టమేకలు లేవు కాబట్టి ఆ భూమిని ఇంకేదైనా మంచి పనికి ఇవ్వాలని నాలుగు శాఖలు పోటీ పడ్డాయి గానీ కుదరలేదు. మంత్రిగారు నీలంగా మారిన సంఘటన మీద విచారణ వేశారు. విచారణ పూర్తయ్యేదాకా ఘటనాస్థలంలో ఎవరూ గడ్డిపరక కూడా కదపరాదని ఆంక్ష పెట్టారు. ఘటనాస్థలం అంటే ఎంతవరకో తేల్చడానికి ఒక ఉపసంఘం ఏర్పడింది. అది తేలేవరకు బీడు మొత్తం ఘటనాస్థలమే.

వేసవిలో దానయ్య ఫోను చేశాడు. "తమ్ముడూ, మా కొంప మునిగిపోయింది. ఈ ఏడు తాబేలుని ఫారం కోడితో పోల్సేరు. కోడి ఏడాదికి మూడొందలు ఎడతాదంట. మా తాబేలుకి సంజాయిషీ నోటీసొచ్చింది. రోజూ ఒడ్డుకొచ్చి గుడ్డెట్టి ఎల్లాలంట, అదీ పగలే, ఆఫీసు టయానికి."

"ఏం చేస్తాండావు అన్నా?"

"ఏటి సేస్తాను? సముద్రంలోకి సూసి, ఓలమ్మా ఈ ఏడు రాకండని సెప్తన్నాను."

జులైలో మళ్లీ వానలు పడ్డాయి. మద్దిలేటి తన భార్య గొర్రెల వెంట మామూలుగానే నడుస్తున్నాడు. ఇప్పుడది ఉద్యోగం కాదు గనుక ఆదివారం కూడా నడుస్తున్నాడు. ఒక మధ్యాహ్నం మనోజ్ఞ మేడం కారు దిగింది. రికార్డుల నుంచి ఒక జాతిని పూర్తిగా తీసేయాలంటే అది లేదని స్థానికుడొకరు ధ్రువీకరించాలట. మద్దిలేటిని ఆమె గుర్తుపట్టలేదు. గొర్రెల కాపరి అనుకుని కాగితం, పెన్ను ఇచ్చింది.

"ఇక్కడ బట్టమేకలు లేవని నీకు ఖచ్చితంగా తెలుసా?"

"లేవు మేడం."

అతను కారు బానెట్టు మీద కాగితం పరిచి సంతకం పెడుతుండగా, గుట్ట అవతల నుంచి మగ బట్టమేక గొంతు లేచింది. గొంతుసంచి ఉబ్బించి, ఆడపిట్టను పిలిచే మూలుగు. ఆ మోత బీడంతా పాకింది.

మేడం ఉలిక్కిపడింది. "అదేం చప్పుడు?"

"మా గొర్రెకు దగ్గు మేడం."

మేడం అడుగు వెనక్కి వేసి, 'గొర్రెలకు దగ్గు, పశువైద్యునికి తెలుపవలెను' అని ఫోనులో రాసుకుని, కాగితం మీద ముద్ర కొట్టింది. ఇక ఈ పత్రాన్ని ఎవరూ మార్చడానికి వీల్లేదని, ఇది శాశ్వతమని చెప్పి, కారెక్కి వెళ్లిపోయింది.

కారు లేపిన దుమ్ము అణిగేదాకా మద్దిలేటి నిలబడ్డాడు. శాశ్వతం అన్న మాట ఆఫీసువాళ్ల నోట వినడం అతనికి ఇదే మొదటిసారి. ఇరవై రెండేళ్లు అతను తిరిగిన ఆ బీడులో చివరకు పర్మినెంటు అయింది పిట్ట. అతను తల వంచుకుని, నోట్లో ఏమీ లేకపోయినా నములుతూ, గొర్రెల మధ్యలోకి నడిచాడు.